వేరే కంపెనీ బ్లేడు బిగించే ముందు

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మధురవాడ ఫ్లాట్ల పనిలో చెక్క కోసే కటింగ్ మెషీన్ బ్లేడుకి నాలుగు పళ్ళు ఊడిపోయాయనీ, అదే కంపెనీది దొరక్క పూర్ణా మార్కెట్‌లో అడిగితే షాపతను వేరే కంపెనీది చేతిలో పెట్టి "సరిపోద్ది, పట్టుకెళ్ళు" అన్నాడనీ రాశావు. వేరే కంపెనీది వేసుకోవచ్చురా, తప్పేం లేదు. బాష్ మెషీన్‌లో మకీటా బ్లేడు, మకీటాలో డివాల్ట్ బ్లేడు ఊరంతా నడుస్తూనే ఉంటాయి. ఆ "సరిపోద్ది" అన్న మాట మాత్రం నీ కొలత పరికరం వెర్నియర్ చేత చెప్పించుకున్నాకే బిగించు.

ముందు పాత బ్లేడు తుడిచి దాని మీద రాసింది చదువు. 185 × 20 × 2.0/1.3 × 40 లాంటి వరస ఒకటి ఉంటుంది. 185 బ్లేడు అడ్డం కొలత, మిల్లీమీటర్లలో. 20 నడిమి బొక్క. 2.0 పంటి మందం, అంటే చెక్కలో పడే కోత వెడల్పు. 1.3 రేకు మందం. 40 పళ్ళ లెక్క. ఇవి కాక నిమిషానికి ఎన్ని చుట్ల వరకు తట్టుకుంటుందో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. పాత బ్లేడు మీద అక్షరాలు చెరిగిపోతే మెషీన్ ప్లేటు చూడు, బ్లేడు సైజు, వేగం అక్కడ ఉంటాయి.

అడ్డం కొలతది పెద్ద గొడవ కాదు. 185 మెషీన్‌కి 184 వేసుకోవచ్చు, షాపుల్లో ఏడుంపావు అంగుళాలు అంటే అదే. 190 వద్దు. పైకి పట్టినట్టే కనిపిస్తుంది గానీ పళ్ళు గార్డుకి, అంటే బ్లేడుని కప్పే తొడుగుకి, రాసుకోవచ్చు, కింది గార్డు మధ్యలో ఇరుక్కుని మూసుకోకుండా ఉండిపోవచ్చు. 165 లాంటి చిన్నది వేస్తే లోతు 10 మిల్లీమీటర్లు తగ్గిపోతుంది.

జాగ్రత్త అంతా నడిమి బొక్క దగ్గర కావాలి. మార్కెట్లో 15.88, 20, 25.4, 30 బొక్కలవి దొరుకుతాయి. 15.88 అంటే అంగుళంలో 5/8, 25.4 అంటే సరిగ్గా అంగుళం. బ్లేడు దాని చోట్లో, అంటే దాని బొక్కలో దూరే గుండ్రటి మెట్టు మీద, వేలితో తోస్తే జారి కూర్చోవాలి, కూర్చున్నాక పక్కకి కదపబోతే కదలకూడదు. 25 మిల్లీమీటర్ల చోట్లో 25.4 బొక్క బ్లేడు పెట్టావనుకో, ఖాళీ 0.4 మాత్రమే, కంటికి ఆనదు. కానీ బ్లేడు ఓ పక్కకి 0.2 జరిగి బిగుసుకుంటుంది. ఇక 40 పళ్ళలో ఒక పక్కవే చెక్కని తింటాయి, మిగతావి ఊరికే తిరుగుతాయి. కోత గరుకుగా వస్తుంది, చేతికి అదురు తెలుస్తుంది, ఆ పక్క పళ్ళు ముందే మొద్దుబారతాయి, ఆ అదురుకి బేరింగు కూడా అరిగిపోతుంది.

బొక్క పెద్దదైతే స్టీలు రింగు వెయ్యాలి. 25.4 బొక్కని 20కి తగ్గించే రింగు గోడ 2.7 మిల్లీమీటర్లు ఉంటుంది. అందరూ లోపలి కొలత, బయటి కొలత చూస్తారు, రింగు మందం ఎవరూ చూడరు. రింగు బ్లేడు రేకు కంటే మందంగా ఉంటే, బ్లేడుని రెండు పక్కలా నొక్కిపట్టే గుండ్రటి బిళ్ళలు, అంటే ఫ్లాంజ్‌లు రెండూ రింగుని పట్టుకుంటాయి, బ్లేడుని పట్టుకోవు. బోల్టు ఎంత బిగించినా బ్లేడు మధ్యలో జారుతూనే ఉంటుంది. రేకు 1.3 అయితే రింగు 1.2 చాలు. బ్లేడుతో వచ్చిన రింగు మందంగా ఉంటే గాజుపలక మీద ఎమరీ కాగితం పరిచి, సమానంగా రుద్ది దించుకో. రింగు దొరక్కపోతే ఆటోనగర్‌లో లేత్ మీద తిరగబెట్టించుకో, మూడు కొలతలూ కాగితం మీద రాసివ్వు. టేపు చుట్టడం, డబ్బా రేకు ముక్క మడిచి దూర్చడం చెయ్యకు. వేడికి టేపు మెత్తబడుతుంది, రేకు నలుగుతుంది, బ్లేడు నడుస్తుండగానే పక్కకి జరుగుతుంది. బొక్క చిన్నదైతే ఆ బ్లేడు నీకు పనికిరాదు, తిరిగిచ్చెయ్. ఫైలుతో, డ్రిల్లుతో పెద్దది చేస్తే నడిమి ఎటో పోతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. లోపలి ఫ్లాంజ్‌ని బయటికి తీసి రెండు ముఖాలూ చూడు. కొన్ని మెషీన్లలో ఒక ముఖం మీద మెట్టు 20 ఉంటుంది, తిప్పితే రెండో ముఖం మీద మెట్టు వేరే కొలత. బ్లేడు కూర్చునేది ఆ మెట్టు మీదే, కాబట్టి కొలవాల్సింది కూడా దాన్నే, షాఫ్ట్‌ని కాదు. ఎవరో తుడిచి తిరగేసి పెట్టేసి ఉంటే 20 బొక్క బ్లేడు 15.88 మెట్టు మీద వేలాడుతుంది, తప్పేమో బ్లేడు మీదకి పోతుంది. మెట్టు ఎత్తు కూడా కొలువు. బ్యాటరీ మెషీన్ల కోసం చేసే పల్చటి బ్లేడు రేకు 1.0 దాకా ఉంటుంది. మెట్టు అంతకంటే పైకి వస్తే బయటి ఫ్లాంజ్ మెట్టుకి తగిలి ఆగిపోతుంది. బోల్టు బిగిసి, షాఫ్ట్ తిరగకుండా పట్టే తాళం నొక్కిపెట్టి ఉండగా కూడా బ్లేడు చేత్తో తిరుగుతోందంటే ఇదే కారణం, లేదా రింగు మందం.

మందం సంగతికొస్తే, నీ మెషీన్‌కి బ్లేడు వెనకాల నిలబడే స్టీలు పలక ఉంటే దాన్నీ కొలువు. కోసిన చెక్క మళ్ళీ దగ్గరికొచ్చి బ్లేడుని నొక్కెయ్యకుండా ఆపేది అదే. దాని మందం బ్లేడు రేకు కంటే ఎక్కువ, కోత కంటే తక్కువ ఉండాలి. పలక 1.8 అయితే 2.0/1.3 బ్లేడు సరిగ్గా సరిపోతుంది. కోత 1.6 ఉన్న బ్లేడు వేస్తే పలక కోతలో దూరక మెషీన్ సగంలో ఆగిపోతుంది. 2.8/2.0 వేస్తే పలక పేరుకే ఉంటుంది, చెక్క రేకుని పట్టేస్తుంది, మెషీన్ నీ మీదకి వెనక్కి తన్నుతుంది. పలకకీ పళ్ళ అంచుకీ మధ్య ఖాళీ 5 మిల్లీమీటర్లు దాటకుండా జరుపుకో. అడ్డొస్తోందని ఎవరైనా పలక పీకేసి ఉంటే వెతికి మళ్ళీ పెట్టు.

వేగం దగ్గర ఒక్కటే నియమం. బ్లేడు మీద అంకె మెషీన్ మీద అంకె కంటే ఎక్కువ ఉండాలి. 185 మెషీన్లు నిమిషానికి సుమారు 5,000 నుంచి 6,000 చుట్లు తిరుగుతాయి. అదే నాలుగంగుళాల మార్బుల్ కట్టర్ 12,000 పైనే. 185 బ్లేడు అంచు 5,500 చుట్ల దగ్గర సెకనుకి 53 మీటర్లు పోతే, 110 బ్లేడు అంచు 12,000 దగ్గర 69 మీటర్లు పోతుంది. వేగం అంకె లేని బ్లేడు ఎంత చవకైనా అక్కడే వదిలెయ్. మీ సైట్‌లో మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు వేసి ప్లైవుడ్ కోస్తున్నారని రాశావు, అది నాకు నిద్రపట్టని సంగతి. దానికి కింద మూసుకునే స్ప్రింగు గార్డు ఉండదు. చెయ్యి జారినా స్విచ్చు లాక్‌లో ఉంటే తిరుగుతూనే ఉంటుంది. గ్రైండర్‌కి పళ్ళ బ్లేడు బిగించడం ఇంకా ఘోరం, ఆ పని ఎవరు చెప్పినా చెయ్యకు, మేస్త్రీ చెప్పినా సరే.

పళ్ళ లెక్క పనిని బట్టి. టేకు, వేప పొడుగునా చీల్చడానికి 24. ప్లైవుడ్‌తో సహా రోజువారీ పనికి 40. సన్‌మైకా అంటించిన పలకకి 60. టేకు చీల్చడానికి 60 వేస్తే పళ్ళ మధ్య సందు చిన్నది కాబట్టి పొట్టు బయటికి పోదు, చెక్క నల్లగా మాడుతుంది. చేతి మెషీన్ పళ్ళు కింద నుంచి పైకి కోస్తాయి, అందుకని సన్‌మైకా ముఖం కిందకి పెట్టి కోస్తే అంచు చిట్లదు.

ఇక బిగించడం. ప్లగ్ పీకి నీ కళ్ళ ముందు పెట్టుకో. బ్యాటరీదైతే బ్యాటరీ తీసెయ్. షాఫ్ట్ తాళం నొక్కి అలెన్ కీతో బోల్టు విప్పు. ఎటు తిప్పాలో అర్థం కాకపోతే బ్లేడు తిరిగే దిక్కుకే బోల్టు తిప్పు, ఊడుతుంది. ఎదురు దిక్కుకి తిప్పితే బిగుస్తుంది. రెండు ఫ్లాంజ్‌ల ముఖాలూ గుడ్డతో తుడువు, ఎండిన జిగురు, పొట్టు ఏ కొంచెం మిగిలినా బ్లేడు ఓ పక్కకి వాలుతుంది. బ్లేడు మీద బాణం గార్డు మీద బాణం వైపే ఉండాలి. మెషీన్‌తో వచ్చిన కీతో చేత్తో గట్టిగా బిగిస్తే చాలు, పైపు తొడిగి బిగించకు.

తరవాత బ్లేడు పక్కకి ఊగుతోందేమో చూడు. ఒక అగ్గిపుల్లని బేస్‌కి టేపుతో అంటించి, కొన పంటికి తగిలీ తగలనట్టు ఉంచి, బ్లేడుని చేత్తో ఒక చుట్టు తిప్పు. ఒకచోట తగిలి, ఇంకోచోట కంటికి కనిపించేంత సందు వస్తే ఊగుతున్నట్టే. అప్పుడు బోల్టు వదులు చేసి బ్లేడుని మాత్రం సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగించు. ఎక్కువ తగిలే చోటు బ్లేడుతో పాటు జరిగితే వంకర బ్లేడుది, షాపుకి తిరిగిచ్చెయ్. జరగకుండా షాఫ్ట్‌తోనే ఉండిపోతే ఫ్లాంజ్‌దో షాఫ్ట్‌దో, కొత్త బ్లేడు ఎన్ని మార్చినా పోదు.

అది సరిగ్గా ఉంటే ప్లగ్ పెట్టి, బ్లేడు వరసలో నిలబడకుండా పక్కకి జరిగి, ఒక నిమిషం ఖాళీగా తిప్పు. విజిల్ లాంటి సన్నటి మోత పర్లేదు. గడగడ శబ్దం, చేతికి అదురు ఉంటే ఆపేసి మొదటి నుంచీ చూడు. మొదటి కోత పనికిరాని 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క మీద వెయ్యి, పళ్ళు చెక్క కింద ఒక పన్ను లోతుకి మించి రాకుండా పెట్టుకో.

మన సముద్రపు గాలికి బ్లేడు వారంలో ఎర్రబడుతుంది. సాయంత్రం పని అయ్యాక ప్లగ్ పీకి పొట్టు దులిపి, రేకుకి నూనె గుడ్డ రాయి. ఫ్లాంజ్ పట్టుకునే చోట మాత్రం నూనె ఉంచకు. పళ్ళకి జిగురు పడితే సబ్బుపొడి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్ది, వెంటనే ఆరబెట్టు. చాలాసార్లు మొద్దుబారింది అనుకున్న బ్లేడు ఈ కడుగుడుకే మళ్ళీ కోస్తుంది.

కొత్త బ్లేడుని ఒకసారి వెలుతురులో పట్టుకుని ప్రతి పన్ను మొదలూ చూడు, అతుకు దగ్గర సందు కనిపిస్తే వద్దు. సరిపోకపోతే మారుస్తానన్న మాట షాపతని దగ్గర ముందే తీసుకుని, బిల్లు దాచుకో. నీ మెట్టు కొలత, మెట్టు ఎత్తు, పలక మందం, మెషీన్ వేగం, ఈ నాలుగూ మార్కర్‌తో మెషీన్ పెట్టె మూత లోపల రాసిపెట్టుకో. ఫ్లాంజ్ ఏ ముఖం బయటికి ఉందో తేలకపోతే ఆదివారం మెషీన్ పట్టుకుని ఇంటికి రా, కలిసి కొలుద్దాం. అత్తయ్య కూడా అడుగుతోంది.

ఇట్లు,
మావయ్య