మినిమం కడుతున్నా కార్డు బాకీ తగ్గట్లేదు, జైలుకు పంపుతారా?

ఆదోని నుంచి ఒక పాఠకుడి సందేహం: "జిన్నింగ్ మిల్లులో పని చేస్తాను. సీజన్ అయిపోయాక జీతం సగమైంది. క్రెడిట్ కార్డు మీద 60,000 బాకీ. నెలనెలా మినిమం 3,000 కడుతున్నా అది తగ్గట్లేదు. పోయిన నెల అదీ కట్టలేకపోతే లేట్ ఫీజు వేశారు. రికవరీ వాళ్లు నా బామ్మర్దికి ఫోన్ చేసి, నన్ను జైల్లో వేయిస్తామన్నారు. ఏం చేయాలి?"

ముందు ఆ జైలు టెన్షన్ వదిలేయండి. చేతిలో డబ్బు లేక కార్డు బాకీ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, నేరం కాదు. అయితే మీరిచ్చిన చెక్కు బౌన్స్ అయినా, ఆటో డెబిట్ పెట్టి ఖాతాలో డబ్బు లేక వెనక్కి పోయినా క్రిమినల్ కేసు పెట్టే వీలుంది, అందుకే ఏజెంటు ఎంత ఒత్తిడి చేసినా చెక్కు మాత్రం రాసివ్వకండి.

బాకీ ఎందుకు తగ్గట్లేదో చూడండి. వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుంటే 60,000 మీద 2,100, దానిపై జీఎస్టీ 18 శాతం అంటే ఇంకో 378. మీరు కట్టిన 3,000లో అసలుకు జమయ్యేది 522 రూపాయలే! పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది కాబట్టి ఆ కార్డుతో ఇక పెట్రోలు కూడా కొట్టించకండి. మినిమం కట్టడానికి ఇంకో కార్డు మీద క్యాష్ తీయడం ఇంకా ప్రమాదం.

వడ్డీ మరీ ఎక్కువని కోర్టుకెళ్దామంటే, 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పిన మాటను సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. ఆ దారిలో ఆశ పెట్టుకోవద్దు. లేట్ ఫీజు సంగతి వేరు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం గడువు దాటి మూడు రోజులు గడిచాకే అది వేయాలి, అదీ గడువు తర్వాత మిగిలిన బాకీ మీదే. కట్టని ఫీజుల మీద, పన్నుల మీద వడ్డీ వేయకూడదు. స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని ఒక్కో లైను చూడండి, తేడా ఉంటే అడగడం మీ హక్కు.

ఈ వారంలోనే బ్యాంకుకు మెయిల్ పెట్టండి. జీతం తగ్గిందని స్లిప్ జతచేసి, బాకీ మొత్తాన్ని తక్కువ వడ్డీతో ఈఎంఐలుగా మార్చమని అడగండి. ఒప్పుకుని తీరాలని లేదు, కానీ అడిగినట్టు కాగితం మీద ఉంటే రేపు మీకే బలం. బామ్మర్దికి వచ్చిన ఫోను, తేదీ, టైము, నంబరు అందులోనే రాయండి. ఇంటివాళ్లను బెదిరించడం, ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయడం రిజర్వ్ బ్యాంకు ఒప్పుకోదు, ఏజెంటు తప్పుకు బ్యాంకే బాధ్యత వహించాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, నంబరు 14448.

ఈఎంఐ కుదరకపోతే కర్నూలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి లోక్ అదాలత్‌లో రాజీకి దరఖాస్తు పెట్టండి. అక్కడ కోర్టు ఫీజు లేదు. హెల్ప్‌లైన్ 15100. ఎక్కడ సెటిల్ చేసుకున్నా మొత్తం ఎంతో బ్యాంకు లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి, కట్టాక ఇక బాకీ లేదని నో డ్యూస్ లెటర్ తీసుకోండి. తగ్గించి కడితే మీ అప్పుల చరిత్ర ఉండే సిబిల్‌లో 'సెటిల్డ్' అని పడి కొన్నేళ్లు కొత్త లోన్లు కష్టమవుతాయి, అది తెలిసే సంతకం పెట్టండి.