‘లాభంలో పావలా వాటా’ అడిగే పెట్టుబడిని సొసైటీ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది విశాఖ పెదజాలారిపేటలో మత్స్యకార మహిళల సొసైటీ. రిజిస్టరై పదేళ్లు దాటింది. పన్ను మినహాయింపునిచ్చే 12ఏబీ నమోదు, దాతలకు పన్ను రాయితీ ఇచ్చే 80జీ ఉన్నాయి. చేపల్ని ఇసుకలో కాకుండా సోలార్ డ్రయ్యర్లలో ఎండబెట్టి, ప్యాకెట్లు కట్టి అమ్మాలనుకుంటున్నాం. ఎంవీపీ కాలనీలో ఉండే ఒక పెద్దాయన 15 లక్షలు ఇస్తానన్నారు. విరాళం కాదు, అప్పూ కాదు, ‘సోషల్ ఇన్వెస్ట్‌మెంట్’ అంటున్నారు. ఏటా లాభంలో పావలా వాటా, కమిటీలో ఒక చోటు, ప్రెసిడెంటుగారూ నేనూ సంతకాలు చేసిన ప్రోనోటు అడుగుతున్నారు. మా సభ్యురాలి కొడుకు కూడా అమెరికా నుంచి 3 లక్షలు పంపుతానంటున్నాడు. తీసుకుంటే చిక్కులేమైనా ఉంటాయా? – సెక్రటరీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, డబ్బు తీసుకోవచ్చు. ఆయన అడిగిన పద్ధతిలో మాత్రం వద్దు.

సేవా పనిలో డబ్బు పెట్టి కొంత రాబడి కూడా ఆశించడాన్ని సోషల్ ఇన్వెస్ట్‌మెంట్ అంటారు. ఆ మాట బ్రిటన్‌లో బాగా వాడుకలో ఉంది. అక్కడ బ్యాంకుల్లో ఏళ్ల తరబడి ఎవరూ తీయకుండా పడివున్న ఖాతాల సొమ్ముతో 2012లో ఇందుకోసమే ఒక సంస్థ పెట్టారు. మన రాష్ట్రంలో సొసైటీలకు వర్తించే 2001 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఆ మాటే లేదు. బయటివాళ్లు మీ చేతిలో పెట్టే డబ్బు విరాళమో అప్పో తేలాల్సిందే, మధ్యేమార్గం ఉండదు. కంపెనీలకున్నట్టు సొసైటీకి షేర్లుండవు, కాబట్టి ‘వాటా’ అని రాసివ్వడానికి మీ దగ్గర ఏమీ లేదు. పైగా పన్ను మినహాయింపు ఇచ్చిందే, మిగులు ఏ ఒక్కరి జేబులోకీ పోదన్న షరతు మీద. లాభంలో పావలా రాసిచ్చి, అదే మనిషిని కమిటీలో కూర్చోబెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే.

అందుకని ఆయన్ని అప్పుగా ఇమ్మనండి. వడ్డీ ఇంత అని కాగితం మీద ఉండాలి, బ్యాంకు వడ్డీకి మించకూడదు. కమిటీలో చోటు వద్దు. నిజంగా సేవాభావం ఉన్న మనిషైతే దీనికి ఒప్పుకుంటారు. 15 లక్షలు 8 శాతానికి, ఐదేళ్లలో తీర్చేట్టు తీసుకున్నారనుకోండి. మొదటి ఏడు అసలు 3 లక్షలు, వడ్డీ 1.2 లక్షలు, మొత్తం 4.2 లక్షలు కట్టాలి. పన్నెండు నెలలకు పంచితే నెలకు 35 వేలు. కానీ మీకు పన్నెండు నెలలు లేవు కదా! ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులు బోట్లు కదలవు, డ్రయ్యర్లు ఖాళీగా ఉంటాయి. ఆ రెండు నెలలు వదిలేసి పది వాయిదాలుగా, అంటే 42 వేల చొప్పున రాయించుకోండి. ప్యాకెట్ల మీద ఆ డబ్బు మిగలదనిపిస్తే అప్పు జోలికే పోవద్దు.

ఐదేళ్లని ఊరికే అనలేదు. అప్పు సొమ్ముతో డ్రయ్యరు కొంటే, ఆ ఖర్చును, పన్ను మినహాయింపు కోసం ఏటా ఆదాయంలో సేవకు వాడాల్సిన 85 శాతం లెక్కలో ఆ ఏడాది చూపించుకోలేరు. మీ ఆదాయంలోంచి అసలు తీర్చిన ఏడాదే అది లెక్కకొస్తుంది. అదీ ఖర్చు పెట్టిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లలోపు తీరిస్తేనే. మీ ఆడిటరుకు ఇది ముందే చెప్పండి.

ఇక ప్రోనోటు. నాకు అసలు భయం ఇక్కడే. నా దగ్గరకొచ్చిన ఒక కేసులో గ్రంథాలయ సొసైటీ ప్రెసిడెంటు, రిటైర్డ్ మాస్టారు, భవనం శ్లాబు కోసం నోటు రాసిచ్చారు. అందులో ఆయన పేరు, తండ్రి పేరు, డోర్ నంబరు, రెవెన్యూ స్టాంపు మీద సంతకం ఉన్నాయి. సొసైటీ పేరు మాత్రం ఎక్కడా లేదు. డబ్బు శ్లాబులోకి పోయింది, డిక్రీ మాస్టారి ఇంటి మీదకొచ్చింది. మీరు ప్రోనోటు కాకుండా స్టాంపు పేపరు మీద రుణ ఒప్పందం రాసుకోండి. అప్పు తీసుకునేది సొసైటీ అని మొదటి వాక్యంలోనే ఉండాలి. సంతకం దగ్గర ‘సొసైటీ తరఫున, సెక్రటరీ’ అని రాసి ముద్ర వేయండి. ష్యూరిటీ సంతకం అడిగితే పెట్టొద్దు. పెడితే సొసైటీ ఎంత బాకీ ఉందో మీరూ అంతే బాకీ ఉన్నట్టు. తేదీ లేని ఖాళీ చెక్కు అసలే వద్దు.

అంతకుముందు మీ బైలాస్ తీసి, అప్పు తీసుకునే అధికారం ఉందో లేదో చూడండి. లేకపోతే సవరించి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చేయాలి. ఉంటే జనరల్ బాడీలో మొత్తం, వడ్డీ, గడువు చెప్పి తీర్మానం చేసి మినిట్స్ బుక్కులో రాయండి. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. 20 వేలు, ఆపైన నగదుగా అప్పు తీసుకుంటే అంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు. ఆయన కాదంటే పేటలో తలా పదివేలు పోగుచేసి వడ్డీ ఇద్దామనుకునేరు! అనుమతి లేని డిపాజిట్ల మీద 2019లో వచ్చిన కేంద్ర చట్టం చాలా కఠినమైంది.

సేవాసంస్థలు నిధులు సేకరించుకునే సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. అక్కడ నమోదుకే అంతకుముందు ఏడాది 50 లక్షల ఖర్చు చూపించాలి. మీకు ఇప్పట్లో అందదు. కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు నయం, తిరిగి కట్టక్కర్లేదు. మూడేళ్ల పని రికార్డు, ఆ డబ్బు తీసుకోవడానికి కావాల్సిన సీఎస్ఆర్-1 నమోదు ఉంటే అడగొచ్చు.

అమ్మకాలు పెరిగితే ఇంకో ఇబ్బంది ఉంది. మీది పేదల సహాయం కాదు, సాధారణ ప్రజాప్రయోజనం అని పన్నుశాఖ అంటే, వ్యాపార రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటిన ఏడాది మినహాయింపు పోతుంది. అప్పుడు వ్యాపారాన్ని 1995 చట్టం కింద పరస్పర సహాయ సహకార సంఘంగా విడదీయడం మేలు. అందులో మీ ఆడవాళ్లే వాటాదారులు, మిగులు వాళ్లే పంచుకోవచ్చు. 80జీ మాత్రం దానికి రాదు.

అమెరికా అబ్బాయి డబ్బు అప్పుగా వద్దు, విదేశీ మారక నిబంధనలతో తలనొప్పి. విరాళంగా తీసుకోండి. భారత పౌరుడిగానే ఉండి సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, మీ సొసైటీకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా లేకుండా రూపాయి తీసుకోకూడదు. అకౌంటు నంబరు ఇచ్చేముందు, అతనిది ఏ దేశం పాస్‌పోర్టో వాళ్లమ్మతో అడిగించండి.