అత్తయ్యగారి అల్మారాకు తెల్లరంగు వేశాను, ఇంట్లో మాటలు ఆగిపోయాయి

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పెళ్లయి ఏడేళ్లయింది. విశాఖపట్నం కంచరపాలెంలో మా మామయ్యగారు కట్టించిన ఇంట్లో ఉంటున్నాం. ఆయన పోయి మూడేళ్లవుతోంది. ఇంట్లో అత్తయ్యగారు, మా వారు, నాలుగేళ్ల బాబు, నేను. బాబు పుట్టాక ఉద్యోగం మానేశాను. ఏడాదిగా వీడియోలు చూసి తక్కువ ఖర్చులో ఇల్లు అందంగా మార్చుకునే పనులు నేర్చుకుంటున్నాను. సీసాలకు రంగులేయడం, పాత చీరలతో తెరలు కుట్టడం లాంటివి చేసినప్పుడు అందరూ బాగుందనే అన్నారు. పడకగదిలో పెచ్చులూడిన గోడకి వాల్‌పేపర్ స్టిక్కర్ అంటించాను. రెండు నెలలకే ఊడిపోయి వెనకంతా నల్లగా బూజు పట్టింది. పోయిన నెల అత్తయ్యగారు శ్రీకాకుళంలో మా ఆడపడుచు ఇంటికి వెళ్లినప్పుడు, సర్‌ప్రైజ్ చేద్దామని హాల్లోని పాత టేకు అల్మారాకు లోపలా బయటా తెల్లరంగు వేశాను. గరుకు కాగితం కూడా రుద్దలేదు, పాలిష్ మీదే వేసేశాను. 'ముందు, తర్వాత' అని ఫొటోలు తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అత్తయ్యగారు వచ్చి, తలుపు తెరిచి చూసి, ఏమీ అనకుండా వెళ్లి పడుకున్నారు. ఆ తలుపు లోపలివైపు మామయ్యగారు పెన్సిల్‌తో ఏవేవో రాసుకునేవారట. గ్యాస్ బండ వచ్చిన తేదీలు, పాల లెక్క, మా వారు పుట్టిన టైము, నక్షత్రం. నాకవి పిచ్చిగీతల్లా కనిపించాయి. 'మా నాన్న ఇంట్లో నీ ప్రయోగాలేంటి' అన్నారు మా వారు. మూడు వారాలుగా మాటల్లేవు. ఈ పనులకి ఏడాదిలో 26 వేలు అయిందని కూడా ఆయనకి ఇప్పుడే తెలిసింది. అందులో 9 వేలు బాబు స్కూలు ఫీజుకి దాచినవి. ఇల్లు బాగుండాలనే కదా చేశాను, అంత తప్పా?

జవాబు: అమ్మా, తప్పా ఒప్పా అన్నది తర్వాత చూద్దాం. ముందు మీ ఫోన్ తీసి ఆ 'ముందు' ఫొటోలు ఉన్నాయో లేదో చూడండి. గ్రూపులో పెట్టినవి కాదు, కెమెరాతో తీసిన అసలువి. వాట్సాప్‌లో పంపితే ఫొటో కుదించుకుపోతుంది, సన్నటి రాత కనిపించదు. తలుపు తెరిచి తీసిన ఫొటో ఒక్కటి దొరికినా పెద్దది చేసి చూడండి. చెరిపేసి ఉంటే ఫోన్ చెత్తబుట్టలో వెతకండి, కొన్నాళ్ల వరకు అక్కడ ఉంటాయి. అందులోనూ లేకపోతే ఇంట్లో జరిగిన పుట్టినరోజుల ఫొటోల్లో, మామయ్యగారు ఉన్నప్పటి పండగ ఫొటోల్లో ఆ అల్మారా వెనకాల ఎక్కడైనా తలుపు తీసి ఉందేమో చూడండి.

దొరికిందనుకోండి. దాన్ని ఫ్రేము కట్టించి, రంగుకాగితం చుట్టి అత్తయ్యగారికి ఇద్దామన్న ఆలోచన మీకు వచ్చి తీరుతుంది. వద్దు. ఆ ఇంట్లో సర్‌ప్రైజులు ఇప్పటికి చాలు. ఫోన్ పట్టుకుని ఆమె మంచం పక్కన కూర్చుని, 'అత్తయ్యగారూ, ఇక్కడ ఏం రాశారో నాకు తెలియడం లేదు, కాస్త చెప్తారా' అని అడగండి. ఒక్కో గీతా ఆవిడే చదివి చెప్పాలి. ఫొటో దొరక్కపోయినా ఇదే పని చేయండి, ఒక నోటుబుక్కు తీసుకుని. గ్యాస్ బండ తేదీలు ఆవిడకి గుర్తుండవు. కొడుకు పుట్టిన టైము గుర్తుంటుంది. ఆ రోజు ఆయన ఎక్కడున్నారు, ఎవరు వచ్చి చెప్పారు, తిరిగొచ్చాక పెన్సిల్ ఎక్కడ వెతికారు, అదంతా గుర్తుంటుంది.

క్షమాపణ కూడా ఆ మంచం పక్కనే. 'బాగుంటుందని చేశాను అత్తయ్యగారూ' అని మొదలుపెట్టకండి, అది సంజాయిషీ అవుతుంది. 'మామయ్యగారి రాత చెరిపేశాను, మిమ్మల్ని అడగలేదు' అనండి, అంతే. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి. 'పోనీలే' అని వెంటనే అనేస్తే మటుకు నమ్మకండి. మన వైపు పెద్దవాళ్ల 'పోనీలే'లో సగం పోదు.

ఇక అల్మారా. గరుకు కాగితం రుద్దలేదని సిగ్గుపడుతూ రాశారు, నిజానికి ఆ తొందరే ఇప్పుడు మిమ్మల్ని కాపాడేట్టుంది. నున్నటి పాలిష్ మీద వేసిన రంగు గట్టిగా పట్టుకోదు. ఎవరికీ కనబడని చోట, వెనక కాలి దగ్గర, పాత ఏటీఎం కార్డు లాంటిదేదైనా ఏటవాలుగా పెట్టి గీరి చూడండి. పొరలా లేచి వస్తే బయటివైపు చాలా మటుకు అలాగే తీసేయొచ్చు. చెక్క గీతలు ఎటు నడిస్తే అటే గీరాలి, అడ్డంగా వద్దు. రాకపోతే థిన్నరో, రంగు తీసే మందో అక్కర్లేకుండా పోదు. అప్పుడు బాబుని హాల్లోకి రానివ్వకండి, కిటికీలన్నీ తెరిచి పెట్టండి. ఆ మందు పెడితే కింది పాలిష్ కూడా పోతుంది. ఆ కాలపు టేకు సామానుకి ఎక్కువగా లక్క పాలిషే వేసేవారు, అంటే లక్కని స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో రుద్దేది. మన ఏటికొప్పాక బొమ్మల మీద మెరుపు కూడా లక్కదే, కాకపోతే అక్కడ తరిణి అనే తిప్పుడు యంత్రం మీద అంకుడు కర్ర తిరుగుతుండగా లక్క కడ్డీ ఆనిస్తే ఆ వేడికే కరిగి అంటుకుంటుంది. అల్మారాకు అంత నేర్పు అవసరం లేదు గానీ, మళ్లీ పాలిష్ పట్టించే పని మాత్రం మేస్త్రీకే అప్పజెప్పండి. మీరు పక్కన నిలబడి నేర్చుకోండి.

తలుపు లోపలివైపు మాత్రం చెయ్యి పెట్టకండి. లోపల మామూలుగా పాలిష్ ఉండదు. వట్టి చెక్క రంగుని పీల్చుకుంటుంది, గీరితే రంగుతో పాటు పెన్సిల్ కూడా వచ్చేస్తుంది. అది తిరిగి బయటపడుతుందని నేను చెప్పలేను. అలా తెల్లగానే ఉండనివ్వాలా, తీయించాలా అన్నది అత్తయ్యగారు చెప్పాలి. ఆవిడ అక్కడే మళ్లీ రాయమన్నా రాయమనొచ్చు. మనకేం తెలుసు!

పడకగది గోడ గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి. మీరు రెండు వాక్యాల్లో దాటేశారు గానీ మీ ఇంట్లో అసలు బాగుచేయాల్సింది అదే. నేను కూడా ఒకప్పుడు ఇదే తెలివి చేశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా, మా గోడలన్నీ నీళ్లు తాగేశాయి. ఇల్లు చూస్తే ఏడుపొచ్చేది. నెల తిరక్కుండానే మేస్త్రీ వద్దంటున్నా వినకుండా పుట్టీ పెట్టించి రంగులు వేయించాను. సంక్రాంతికి ముగ్గు వేసే వేళకి గోడ నిండా పొక్కులు, వేలితో నొక్కితే పెచ్చుగా ఊడి వచ్చేవి. డబ్బు పోయింది, మేస్త్రీ ముందు పరువూ పోయింది.

గోడ లోపల తడి ఉన్నప్పుడు పైన ఏం వేసినా నిలవదు. ఇటుకల్లో, ఇసుకలో, నీళ్లలో ఉండే ఉప్పు ఆ తడితో పాటు పైకి వస్తుంది. నీరు ఆరిపోయి ఉప్పు గోడ మీద తెల్లటి పొడిలా మిగులుతుంది. స్టిక్కర్ అంటిస్తే ఆ తడికి బయటికి పోయే దారి కూడా ఉండదు, అందుకే నల్లబూజు. మిగతా స్టిక్కర్ ఈ రోజే తీసేయండి. ఆ గదిలోని మంచాన్ని గోడకి దూరంగా జరపండి. బాబుకి దగ్గు గానీ ఉంటే డాక్టరుకి చూపించండి.

తర్వాత తడి ఎక్కడిదో కనుక్కోవాలి. జానెడు ప్లాస్టిక్ కవరు ముక్క నాలుగు పక్కలా టేపు వేసి గోడకి అంటించి రెండు రోజులు వదిలేయండి. తీసి చూస్తే గోడవైపు చెమ్మ ఉంటే తడి గోడ లోపలి నుంచి వస్తోంది. గదివైపు ఉంటే గదిలో గాలి ఆడక పడుతోంది. లోపలి నుంచే అయితే, ఆ గోడ అవతల బాత్రూమ్ ఉందా, పైన వాన నీళ్లు నిలిచే చోటుందా, బయట మట్టి గోడకి ఎగదోసి ఉందా చూడాలి. ఇది మీ ఒక్కరి వల్ల కాదు. మీ వారికీ మీకూ ఒక పని కలిసి చేయడానికి సాకు కావాలి, ఇంతకంటే మంచి సాకు దొరకదు. 'ఈ గోడ ఎందుకు చెమ్మగిల్లుతోందో నాకు అర్థం కావడం లేదు, ఒకసారి మేడ మీదకి వస్తారా' అని అడగండి. అలిగిన మగవాళ్లు క్షమాపణకి కరగకపోయినా పైపు లీకుకి కరుగుతారు. అనుభవం మీద చెప్తున్నాను.

కారణం పోయాక గోడని ఆరనివ్వండి. మన ఊళ్లో జూన్ నుంచి నవంబరు దాకా ఒక వాన కాకపోతే ఇంకో తుఫాను. జనవరి నుంచి మార్చి వరకు ఈ పనులకి మంచి కాలం. తక్కువ ఖర్చు అన్నారు కాబట్టి చెప్తున్నాను, ఆ గోడకి సున్నం వేయండి. సున్నం గోడని ఊపిరి పీల్చుకోనిస్తుంది, ప్లాస్టిక్ రంగుల్లా తడిని లోపల బిగించదు. పాత రంగు ఉన్న చోట పట్టదు కాబట్టి దాన్ని గీకేయాలి. సున్నం నానబెట్టేటప్పుడు సలసల మరుగుతుంది, కంట్లో పడితే ప్రమాదం. చేతికి తొడుగులు, కళ్లకి అద్దాలు ఉండాలి, బాబు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. నీలిమందు ఎంత కలిపితే ఆ చల్లటి తెలుపు వస్తుందో ఏ వీడియో చూసినా మీకు తెలియదు. అత్తయ్యగారికి తెలుసు. ఏటా సంక్రాంతికి ఇళ్లకి సున్నాలు వేసుకున్న తరం ఆవిడది. పాత చీరలతో బొంతలు కుట్టిన తరం కూడా. మీరు వీడియోలు చూసి నేర్చుకుంటున్న చదువు మీ పక్క గదిలోనే పడుకుని ఉంది.

ఒక జాగ్రత్త. మామయ్యగారు కట్టించిన ఇల్లు అంటున్నారు, కిటికీ ఊచలకీ తలుపులకీ ఎనామిల్ పెయింట్ ఉండే ఉంటుంది. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం పదిలక్షల భాగాల్లో 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుని పొడిగా గరుకు కాగితంతో రుద్దకండి. ఆ ధూళి చిన్నపిల్లలకు చాలా చెడ్డది. తడిపి రుద్దాలి, తడిగుడ్డతో తుడవాలి, ఆ గుడ్డ పారేయాలి. ప్యాకింగు చెక్కలతో స్టాండు చేసుకునే సరదా పుడితే, చెక్క మీద ముద్ర చూసి తెచ్చుకోండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, పర్వాలేదు. ఎంబీ అని ఉంటే పురుగుమందు గ్యాసు పట్టించినది, ఇంట్లోకి తేవద్దు.

డబ్బు దగ్గర మిమ్మల్ని వెనకేసుకు రాలేను. 26 వేలకి లెక్క రాసి ఉంటే అది ఇంటి ఖర్చు. దాచారు కాబట్టి మీ వారికి అది మోసంలా కనిపించింది. ఆ 9 వేలు ఎలా పూడుస్తారో మీరే ముందు చెప్పండి, ఆయన అడిగేదాకా ఉండకండి. ఇంట్లో వాడకుండా పడున్న రంగు డబ్బాలు, జిగురు సీసాలు, సగం చేసిన సామాను అన్నీ ఒక చోట పెట్టి చూడండి. కొత్తగా పూర్ణా మార్కెట్‌కి వెళ్లేది అవి అయ్యాకే. నెలకి ఇంత అని ఇద్దరూ కూర్చుని ఒక అంకె అనుకోండి. అది 500 అయినా సరే, ఎవరికీ దాచక్కర్లేని 500 అవుతుంది.

ఇప్పుడు మీ వారి మాట. 'మా నాన్న ఇంట్లో నీ ప్రయోగాలేంటి.' ఉత్తరంలో ఈ వాక్యం రాసి, దాని మీద ఒక్క మాట కూడా అనకుండా డబ్బు సంగతికి వెళ్లిపోయారు. అన్నిటికంటే గుచ్చుకున్నది అదేనని నాకనిపించింది. ఏడేళ్లుగా ఆ ఇంట్లో ఉన్నారు, ఉద్యోగం వదులుకున్నారు. ఇందులో నాదంటూ ఏముంది అని ఏ మధ్యాహ్నమో అనిపించి ఉంటుంది. అల్మారాని తెల్లగా చేస్తే అది మీదవుతుందనుకున్నారేమో. అడగాల్సిన మాటని రంగుతో చెప్పబోయారు, వాళ్లకి వేరేలా వినబడింది. ఆయన కోపంలో అన్నా సరే, ఆ మాట తప్పు. మూడు వారాల మౌనం ఇంకా తప్పు. అది ఆయనకి చెప్పాలి. అత్తయ్యగారికి క్షమాపణ చెప్పిన రోజున మాత్రం వద్దు, రెండూ కలిపేస్తే మొదటిది బేరంలా ఉంటుంది. నాలుగు రోజులాగి, బాబు పడుకున్నాక, 'నేను చేసింది తప్పే, కానీ ఇది మీ నాన్న ఇల్లన్నారు, మరి నా చోటు ఎక్కడో చెప్పండి' అని అడగండి. గొంతు పెంచకుండా, ఏడవకుండా అడగగలిగితే మంచిది. ఏడుపొస్తే అదీ పర్వాలేదు.

అడిగాక ఏదో ఒక చోటు పేరు పెట్టి అడగండి. వెనక వరండానో, వంటింటి పక్కన సామాన్ల గదో. 'ఇక్కడ నా ఇష్టం, ఇక్కడ నేను ఏ రంగేసినా ఎవరూ అడగకూడదు' అని. మిగతా ఇంట్లో మేకు కొట్టాలన్నా ముగ్గురూ అనుకోవాలి. వరండా అయితే ఇనప సామాను పెట్టకండి, మన ఉప్పుగాలికి రెండు వానాకాలాల్లో తుప్పు తేలుతుంది.

బంధువుల గ్రూపులోని ఆ ఫొటోలకి ఇంకా ఎవరైనా 'సూపర్' అని పెడుతూ ఉంటే, ఇక జవాబివ్వకండి. ఆ గ్రూపులో అత్తయ్యగారు కూడా ఉన్నారా? ఉంటే, ఫోన్ తీసిన ప్రతిసారీ ఆవిడకి అదే కనబడుతుంది. పాత చాట్ల నుంచి ఆ ఫొటోల్ని తీసేయడం ఇప్పుడు వీలు కాకపోవచ్చు. 'అత్తయ్యగారిని అడక్కుండా చేసిన పని ఇది, ఇంకెవరూ మెచ్చుకోవద్దు' అని మీరే అక్కడ ఒక వాక్యం రాయొచ్చు. మీరు మెచ్చుకోలు అందుకున్నది వాళ్లందరి ముందే కదా.