గోడ బొక్కలో తేనెపట్టు ఉంది, ఈగల్ని చంపకుండా వేరే చోటికి మార్చొచ్చా?

మార్చొచ్చండి. పలాస దగ్గర మా ఇంట్లో పాత నీళ్ళతొట్టి గోడలో పట్టు పెడితే పెట్టెలోకి ఎక్కించాం, ఇప్పుడవి మా మావయ్యగారి జీడితోటలో ఉన్నాయి. పక్కింటివాళ్ళు కిరోసిన్ పొయ్యమంటున్నారని రాశారు, దయచేసి ఆ పని చెయ్యకండి, మంట పెట్టడం, పురుగుల స్ప్రే కొట్టడం కూడా వద్దు, రేగాయంటే పిల్లలున్న ఇల్లు కదా.

మీరు చెప్పినట్టు బొక్కలోంచి వస్తూ పోతూ ఉన్నాయంటే అవి పుట్టతేనె ఈగలే అయ్యుండాలి, చీకట్లో వరసగా పట్లు పెట్టుకునే రకం కాబట్టి పెట్టెలో కుదురుకుంటాయి. అదే సన్‌షేడ్ కింద బయటికి వేలాడే ఒక్కటే పెద్ద పట్టయితే కొండ తేనెటీగలు, వాటిని పెట్టెలో పెంచడం కుదరదు, జోలికి పోకపోతే సీజన్ మారాక వాటంతటవే లేచిపోతాయి.

మాకు తీసింది తేనెపెట్టెలు పెట్టుకునే ఒక రైతు. పొద్దువాలాక వచ్చి, కొబ్బరిపీచు పొగ కొద్దికొద్దిగా వదులుతూ ఇటుకలు ఒక్కోటీ ఊడదీశాడు. ఈగపిల్లలున్న పట్లని చాకుతో కోసి, పైవైపు పైకే ఉండేలా చెక్క ఫ్రేములకి అరటినారతో కట్టాడు. తేనె పట్లు మాత్రం పెట్టెలో పెట్టలేదు, బరువుకి తెగి పడితే కింద ఈగలు నలిగిపోతాయి, చీమలూ పడతాయి. అసలు పని రాణి ఈగని పట్టుకోవడం, అది లోపలికి వెళ్ళిందో లేదో, కొన్ని ఈగలు పెట్టె గుమ్మం దగ్గర తోకలు పైకెత్తి వాసన వదులుతూ రెక్కలాడించడం మొదలెట్టాయి, ఆ వాసనకి గోడకి అంటుకున్నవన్నీ బారులు తీరి నడుచుకుంటూ లోపలికెళ్ళిపోయాయి, ఎంత బావుందో చూడ్డానికి!

పెట్టె బాగా చీకటిపడేదాకా అక్కడే ఉంచి, తిరిగొచ్చేవి కూడా చేరాక జాలీతో మూసి తీసుకెళ్ళాలి. దూరం మూడు కిలోమీటర్లైనా ఉండాలి, దగ్గర్లో పెడితే పాత చోటుకే వచ్చేస్తాయి. కొత్త చోట కొన్నాళ్ళు రాణి బయటికి రాకుండా గేటు పెట్టి, సాయంత్రాలు పంచదార పాకం ఇవ్వాలి, చీమలెక్కకుండా స్టాండు కాళ్ళకి నీళ్ళ గిన్నెలు పెట్టాలి, ఈ రకం చిన్న ఇబ్బందికే పెట్టె వదిలి పోతుంది. బొక్కలో మైనం అంతా గీకేసి సిమెంటుతో పూడ్పించండి, లేకపోతే ఆ వాసనకి ఇంకో గుంపు దిగుతుంది.

మనిషి దొరక్కపోతే మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి చూడండి, ఈ పెంపకం చేసే రైతులెవరో చెప్తారు. తీసేటప్పుడు పిల్లల్ని ఇంకో ఇంటికి పంపెయ్యండి, కుట్టినచోట ముల్లు గోటితో వెంటనే గీకెయ్యండి, ఎవరికైనా ముఖం వాచినా ఊపిరాడకపోయినా ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి.