కింగ్ కాంగ్ బొచ్చు ఎందుకు కదులుతుంది?

మీ ప్రశ్న ఇది: "1933 నాటి కింగ్ కాంగ్ చూశాను. బొమ్మ అని తెలిసిపోతోంది, కదలికలన్నీ కుదుపుగా ఉన్నాయి, చాలాచోట్ల నవ్వొచ్చింది. జనం ఇంకా దీన్ని ఎందుకు నెత్తిన పెట్టుకుంటారు?"

బొమ్మ అని తెలిసిపోవడం నిజమే. నేను హైదరాబాద్‌లో ఒక వీఎఫ్ఎక్స్ స్టూడియోలో, అంటే సినిమాలకి కంప్యూటర్ బొమ్మలు చేసేచోట, పనిచేస్తాను. తొమ్మిదేళ్లుగా నా పని దాదాపు అంతా జంతువుల బొచ్చే. పులి, గుర్రం, ఎలుగుబంటి, ఏది తెర మీదికొచ్చినా దాని వెంట్రుకలు నా నెత్తినే పడతాయి. అందుకని మీరు నవ్వుకున్న ఆ బొచ్చు దగ్గరే మొదలుపెడతాను.

కాంగ్ అంటే కథలో ఒక ద్వీపంలో పట్టుకుని న్యూయార్క్ తెచ్చిన రాక్షస గొరిల్లా. ఆ బొమ్మ ఎత్తు సుమారు 18 అంగుళాలు. లోపల కీళ్లున్న లోహపు అస్థిపంజరం, దానిమీద రబ్బరు, దూది, పైన కుందేలు తోలు. మార్సెల్ డెల్గాడో తయారుచేస్తే విల్లిస్ ఓబ్రయన్, ఆయన మనుషులు దాన్ని కదిలించారు. చెయ్యి ఇంత జరపడం, ఒక ఫ్రేమ్ తీయడం, మళ్లీ ఇంత జరపడం. తెర మీద కనబడే ఒక్కో సెకనుకి 24 సార్లు. ప్రతిసారీ బొమ్మని పట్టుకోవాలి కదా, పట్టుకున్నచోటల్లా వెంట్రుకలు పక్కకి ఒరుగుతాయి. తెర మీద చూస్తే కాంగ్ ఒళ్లంతా ఏదో గాలి తిరుగుతున్నట్టు బొచ్చు అల్లల్లాడుతూ ఉంటుంది. నిజానికి అది తప్పు. దాచలేకపోయిన తప్పు.

ఇప్పుడు మా సంగతి వినండి. ఒకసారి ఎలుగుబంటి షాట్ ఒకటి మూడు వారాలు కష్టపడి పంపితే, "మరీ క్లీన్‌గా ఉంది, ఎవరో ఇప్పుడే దువ్వి పంపినట్టుంది" అని వెనక్కొచ్చింది. ఇంకో వారం కూర్చుని చిక్కులు, దుమ్ము, అక్కడక్కడా లేచిన వెంట్రుకలు కలిపితే గానీ అప్రూవల్ రాలేదు. అంటే వాళ్లు తీసెయ్యలేకపోయినదాన్నే మేం డబ్బులు పోసి కలుపుతున్నాం. ఆ రోజు రాత్రి ఇంటికెళ్లి కింగ్ కాంగ్ మళ్లీ పెట్టుకున్నాను. అప్పటికి చాలా ఏళ్లయింది చూసి.

మొదటిసారి చూసింది మాత్రం గుడివాడలో, 1990ల చివర్లో. గుర్తుందా, పగలంతా కార్టూన్ నెట్‌వర్క్ వచ్చి, రాత్రయ్యేసరికి అదే ఛానల్లో టీఎన్‌టీ అని పాత ఇంగ్లిష్ సినిమాలు వచ్చేవి? కార్టూన్లు అయిపోయాయని ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే ఈ నలుపు తెలుపు సినిమా మొదలైంది. నాయనమ్మ పక్కన మంచం మీద ఉంది. ఇంగ్లిష్ ముక్క రాదు ఆవిడకి. మొదటి ముప్పావుగంట కోతి కనబడదు, ఓడ, మాటలు, పొగమంచు. ఆవిడ కునుకు తీసింది. కాంగ్ చెట్లు విరుచుకుంటూ వచ్చేసరికి లేచి కూర్చుంది. ఇక పడుకోలేదు.

కుదుపులు పక్కనపెట్టి రెండు చోట్ల ఆగి చూడండి. టైరనోసారస్ అనే డైనోసార్‌తో కొట్లాట అయ్యాక కాంగ్ దాని దవడ చీల్చేస్తాడు. అక్కడితో సీను అయిపోవాలి. కానీ కాంగ్ వెళ్లిపోడు. ఊడిపోయిన ఆ దవడని పట్టుకుని రెండుమూడు సార్లు తెరిచి మూసి చూస్తాడు, నిజంగా చచ్చిందా అని. గడియారం విప్పేసిన పిల్లాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపినట్టు. కథకి ఆ రెండు సెకన్లతో పనిలేదు. అయినా ఎవరో లైట్ల వేడిలో నిలబడి, ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్, అది చేశారు.

రెండోది న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ భవనం మీద. విమానాలు కాల్చాక కాంగ్ ఛాతీ తడుముకుని, వేళ్లకంటిన రక్తం వైపు చూసుకుంటాడు. అదేమిటో అర్థంకానట్టు. తర్వాత తను ఎత్తుకొచ్చిన హీరోయిన్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని, మెల్లగా గట్టు మీద దించుతాడు. నాయనమ్మ అంది, "ఒరేయ్, చూడు, ముందు పిల్లని జాగ్రత్తగా దింపాడు." కాల్చే విమానంలో ఉన్నది ఎవరనుకున్నారు? సినిమా తీసిన మేరియన్ కూపర్, ఎర్నెస్ట్ షోడ్‌సాక్ ఇద్దరే. కూపర్ మొదటి ప్రపంచ యుద్ధంలో నిజంగానే బాంబర్ పైలట్.

మీకు నవ్వొచ్చింది బహుశా క్లోజప్పుల్లో అయి ఉంటుంది. నాకూ వస్తుంది. వాటికోసం నిలువెత్తు తల ఒకటి కట్టారు, లోపల ముగ్గురు మనుషులు కూర్చుని కనుబొమలు, పెదాలు ఆడించేవాళ్లు. గుడ్లు మిటకరించి పళ్లికిలిస్తూ, జాతర బొమ్మలా ఉంటుంది. పెద్ద ఖర్చు పెట్టి కట్టిన ఆ తలలో లేని ప్రాణం 18 అంగుళాల బొమ్మలో ఉంది. సైజు కూడా ఒక్కతీరుగా ఉండదు లెండి. ద్వీపంలో 18 అడుగుల లెక్క, న్యూయార్క్‌కి వచ్చేసరికి 24. అంత పెద్ద ఊళ్లో చిన్నగా కనబడతాడని పెంచేశారు. ఇలాంటిది మా దగ్గర జరిగితే మీటింగుల మీద మీటింగులు పెడతారు.

శబ్దం గురించి ఒక్కమాట. ఆ గర్జన సింహం, పులి అరుపుల్ని నెమ్మది చేసి, వెనక్కి తిప్పి కలిపినది, ముర్రే స్పివాక్ పని. మాటల సినిమాలు వచ్చి అప్పటికి అయిదారేళ్లే. మాక్స్ స్టైనర్ సంగీతం హెడ్‌ఫోన్స్‌తో వినండి, ఫోన్ స్పీకర్లో కాదు.

లోపాలు లేవనను. ద్వీపవాసుల్ని చూపించిన తీరు ఇప్పుడు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, ఓడలో చైనా వంటవాడి పాత్రా అంతే. పాతకాలం అని సర్దిచెప్పడం నాకిష్టం లేదు. హీరోయిన్ ఫే రే చేత అన్నిసార్లు కేకలు పెట్టించడం కూడా కాస్త ఎక్కువే.

కానీ ఒకటి గమనించండి. ఆవిడ పాత్ర మొదట కనబడేది ఎలా? ఆకలికి తట్టుకోలేక పళ్ల అంగట్లోని ఆపిల్ వైపు చెయ్యి చాపి దొరికిపోతుంది. ఈ సినిమా న్యూయార్క్‌లో 1933 మార్చి 2న విడుదలైంది, నాలుగు రోజులకే దేశమంతా బ్యాంకులు మూసేశారు. ఎంపైర్ స్టేట్ కట్టి అప్పటికి రెండేళ్లే. ఊళ్లో పనుల్లేక జనం వీధినపడి ఉంటే, అంత పొడుగు భవనం ఎక్కి దాన్ని ఒక జంతువు పట్టుకుని వేలాడుతుంటే, హాల్లో కూర్చున్నవాళ్లు ఎవరి పక్షాన ఉండి ఉంటారో నేను ఊహించుకుంటూ ఉంటాను.

చివర్లో కాంగ్‌ని పట్టి తెచ్చిన డెన్హామ్ శవం పక్కన నిలబడి, విమానాలు కాదు, అందమే దాన్ని చంపింది అంటాడు. అందరూ మెచ్చుకునే డైలాగు. నాయనమ్మ "ఏమంటున్నాడురా" అని అడిగితే వచ్చీరాని ఇంగ్లిష్‌లో అర్థం చేసుకుని చెప్పాను. "తెచ్చింది వాడు, తప్పు ఆ పిల్లదా?" అని అటు తిరిగి పడుకుంది. అప్పట్నుంచీ ఆ డైలాగు నాకు గొప్పగా అనిపించలేదు. డెన్హామ్ తప్పించుకుంటున్నట్టే వినబడుతుంది.

మళ్లీ చూస్తానంటే రంగులు పులిమిన వెర్షన్ జోలికి పోకండి. నలుపు తెలుపే చూడండి, రాత్రిపూట లైట్లు ఆపి, ఇంట్లో ఇంకొకళ్లు ఉంటే మరీ మంచిది.

పోయిన వేసవిలో మా అక్క కొడుకుకి చూపించాను. పదేళ్లు. మొదట మీలాగే నవ్వాడు, "మామయ్యా, గేమ్‌లో గ్రాఫిక్స్ దీనికన్నా నయం" అన్నాడు. దవడ సీను దగ్గర మాత్రం "మళ్లీ పెట్టు" అన్నాడు. మర్నాడు ఇద్దరం వాడి కోతి బొమ్మ చేతుల్లోకి తీగ దూర్చి, పుస్తకాల దొంతర మీద ఫోన్ ఆనించి, మేం కూడా తీద్దామని కూర్చున్నాం. సెకనుకి పన్నెండు ఫొటోలే, అంతకన్నా ఓపిక లేదు. నాలుగు గంటలకి ఏడు సెకన్లు వచ్చింది, కోతి చెయ్యెత్తి తల గోక్కోవడం. మే నెల, బొమ్మ కదులుతుందని ఫ్యాన్ కూడా వేసుకోలేదు, చెమటతో చొక్కాలు తడిసిపోయాయి. ప్లే చేసి చూస్తుంటే వాడు ఫోన్ దగ్గరికి జరిగాడు.

"మామయ్యా, మన కోతికి గాలెక్కడిది? ఫ్యాన్ ఆపేశాం కదా."