తాతగారి .315 రైఫిల్‌కు పాలిష్ పట్టించవచ్చా?

నెల్లూరు జిల్లాలోని తాతగారి ఇంటి నుంచి వారసత్వంగా వచ్చిన .315 (అంగుళాల్లో గొట్టం లోపలి కొలత) రైఫిల్ లైసెన్సుతో సహా ఇప్పుడు చెన్నైలో మీ పేరున ఉందని, గొట్టం మీద తుప్పు మచ్చలు, కట్టె మీద నల్లటి మరకలు ఉన్నాయని, దాన్ని కొత్తదానిలా మెరిపించి ఆ తర్వాత మరికొన్ని పాత రైఫిళ్లు సేకరించాలనుకుంటున్నానని రాశారు. నా దగ్గర ఉన్నది కూడా మా నాన్నగారి నుంచి వచ్చిన, ఇషాపూర్ ఆయుధ కర్మాగారంలో తయారైన .315 రైఫిలే. తిరువాన్మియూరులో, సముద్రపు గాలి నేరుగా తగిలే ఇంట్లో దాన్ని కాపాడుకుంటూ వస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: తుప్పును ఆపండి, కట్టెకు నూనె పట్టించండి, అంతకు మించి దేన్నీ అరగదీయకండి. తయారైననాటి పై పొర ఒకసారి పోతే, ఆ స్థానంలో ఎంత మంచి పొర వేయించినా అది వేరే పొరే అవుతుంది.

సేకరణ విషయంలో చట్టం చాలా ఇరుకైన దారి ఇచ్చింది. 1959 నాటి ఆయుధాల చట్టానికి 2019లో జరిగిన సవరణ ప్రకారం సాధారణ లైసెన్సుదారు దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అంతకు ముందు ఈ పరిమితి మూడు. వారసత్వంగా వచ్చినవాటికీ ఇదే వర్తిస్తుంది కాబట్టి మీకు మిగిలింది ఒక్క స్థానమే. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పాతబడిన తుపాకీకి లైసెన్సు అక్కర్లేదని చెప్పేవారు ఆ చట్టంలోని 45వ సెక్షన్‌ను సగమే చదివారు. పాతకాలపు నమూనా అయినా, పురావస్తు విలువ ఉన్నా, మరమ్మతు చేసినా చేయకపోయినా అది తుపాకీగా పనికిరాని స్థితిలో ఉంటేనే ఆ మినహాయింపు. అంటే మరమ్మతుతో పేలగలిగిన 1871 నాటి బ్రిటిష్ సైనిక మార్టిని-హెన్రీ నమూనా రైఫిల్ కూడా చట్టం దృష్టిలో తుపాకీయే. .303 సైనిక తూటా కావడం వల్ల, దాన్ని పేల్చే బ్రిటిష్ సైన్యపు లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ నిషిద్ధ శ్రేణిలోకి వస్తుందని, మామూలు లైసెన్సు మీద దాన్ని ఉంచుకోలేమని కూడా గుర్తుంచుకోండి. లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగాన్నే తీసుకుని, పౌరులకు అనుమతి ఉన్న .315 తూటాకు రైఫిళ్లు తయారు చేయడానికి కారణం అదే.

పనిలోకి దిగే ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే అర), చాంబర్ (తూటా పేలే గది) రెండూ ఖాళీగా ఉన్నాయని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. లైసెన్సుదారుగా మీరు శుభ్రం చేసుకోవచ్చు. మరమ్మతు మాత్రం అందుకు లైసెన్సు ఉన్నవారే చేయాలి. తెలిసిన లేతు మిషను దుకాణానికి తీసుకెళ్లడం అనే ఆలోచనే పెట్టుకోకండి.

నేను పని నేర్చుకున్న పెద్దాయన లైసెన్సు ఉన్న దుకాణంలో తుపాకులు బాగుచేసేవారు. ఆయన గొట్టం బయటి భాగం కంటే ముందు లోపలి భాగం చూసేవారు. పాత తూటాల వెనుక భాగంలోని మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలినప్పుడు పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పు గొట్టంలో మిగిలిపోతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని ఇనుమును లోపలి నుంచి గుంటలు గుంటలుగా తినేస్తుంది. ఈ ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. అందుకే నూనె గుడ్డతో ఎంత తుడిచినా కొన్నాళ్లకు మళ్లీ ఎర్రటి మరక కనిపిస్తుంది. బోల్టు (గొట్టాన్ని వెనుక నుంచి మూసే కదిలే భాగం) తీసి పక్కన పెట్టి, గరాటుతో చాంబర్ వైపు నుంచి మరిగే నీళ్లు పోసి, కట్టె తడవకుండా మూతి గుండా బయటకు పంపి, గొట్టం ఆ వేడికి ఆరగానే పొడిగుడ్డ, ఆ తర్వాత పలుచగా నూనె గుడ్డ లాగాలి. బ్రిటిష్ సైనికులు తమ లీ-ఎన్‌ఫీల్డ్‌లను ఇలా మరిగే నీళ్లతోనే కడిగేవారు.

బయటి తుప్పు దగ్గర ఓపిక కావాలి. గొట్టానికి ఉన్న నీలి నలుపు రంగు కూడా ఇనుము ఆక్సైడే. అయితే అది ఇనుమును గట్టిగా అంటిపెట్టుకుని ఉండే నల్లటి మాగ్నటైట్, పొరలు పొరలుగా లేచే ఎర్ర తుప్పు కాదు. ఉప్పుకాగితంతో రుద్దితే రెండూ కలిసి పోతాయి. పలుచటి నూనె రాసి ఒక రాత్రంతా నాననిచ్చి, ఇనుము కంటే మెత్తగా ఉండే రాగి రేకు అంచుతో మచ్చను మెల్లగా గీరితే ఎర్రది లేచి వస్తుంది, నల్లది నిలుస్తుంది. మచ్చ లేచిన చోట చిన్న గుంట మిగిలితే మిగలనివ్వండి. కొత్త రంగు వేయించాలంటే ముందు గొట్టాన్ని అద్దంలా సాన పట్టాలి, ఆ పనిలో కిరీటం ముద్ర, తయారీ సంవత్సరం, ప్రూఫ్ గుర్తులు (పేల్చి పరీక్షించినట్టు వేసే ముద్రలు), వరుస సంఖ్య మసకబారిపోతాయి. సేకరణకర్తకు అదే అసలైన నష్టం. గుర్తింపు సంఖ్యను చెరిపేయడాన్ని 8వ సెక్షన్ నేరంగా పరిగణిస్తుంది కాబట్టి ఇది చట్టపరమైన చిక్కు కూడా.

కట్టె మీది నల్లటి మరకలు చాలావరకు యంత్రాంగం నుంచి ఏళ్ల తరబడి ఇంకిన నూనెవే. సుద్దపొడిని స్పిరిట్‌లో ముద్దలా కలిపి పట్టిస్తే, ఆరే కొద్దీ అది నూనెను పైకి లాగుతుంది. మరక పూర్తిగా పోదు, పోవాల్సిన అవసరమూ లేదు. చిన్న సొట్టల మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే నలిగిన నార ఆవిరికి ఉబ్బి పైకి వస్తుంది. ఆ తర్వాత అవిసె నూనెను చాలా పలుచగా, ఒక పూత పూర్తిగా ఆరాకే మరో పూతగా చేత్తో రుద్దాలి. ఫర్నిచర్‌కు వాడే మెరుపు వార్నిష్ వద్దు. అవిసె నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, అవి ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకోగలవు. ఆరుబయట విప్పి పరిచి ఆరనివ్వండి.

తాతగారి తోలు సంచి ఎంత ముచ్చటగా ఉన్నా రైఫిల్‌ను అందులో ఉంచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలు ఊనడానికి వాడిన రసాయనాలు ఇనుమును తింటాయి. సంచిని విడిగా భద్రపరచండి, సేకరణలో దానికీ విలువ ఉంది. రైఫిల్‌ను తాళం వేసిన ఇనుప బీరువాలో, సిలికా జెల్ పొట్లాలతో, వీలైతే మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి. అలా ఉంచితే గొట్టంలోని నూనె కట్టెలోకి దిగదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో, నేను వారానికోసారి తీసి చూస్తాను. మిగతా నెలల్లో అంత అవసరం పడదు.

దీన్ని పేల్చవచ్చా అని చివర్లో అడిగారు. బోల్టు మీది సంఖ్య, గొట్టం మీది సంఖ్య ఒకటేనా అని ముందు చూడండి. వేరైతే బోల్టు ఎప్పుడో మారిందని అర్థం, అప్పుడు బోల్టు ముఖానికి, తూటా వెనుక భాగానికి మధ్య ఉండాల్సిన ఖాళీ సరిగా ఉందన్న నమ్మకం ఉండదు. సంఖ్యలు కలిసినా సరే, లైసెన్సు ఉన్న పనివారు గేజీ పెట్టి కొలిచి చెప్పేవరకు అందులో తూటా పెట్టకండి.