గిన్నె కదిలించకుండా పెరుగు చూసే విద్య

చిరంజీవి అఖిలకు, హనుమకొండ నుంచి పెద్దబాపు దీవెనలు.

ల్యాబుల నీకు ఇమేజింగ్ పని అప్పజెప్పిన్రని మీ బాపు ఫోన్ల చెప్పిండు. నేను పద్దెనిమిదేండ్లు అదే పనిల చేతులు కాల్చుకున్నోణ్ణి, అందుకే రాస్తున్న.

చిన్నప్పుడు నాయనమ్మ పెరుగు తోడేస్తే నువ్వు గంటకోసారి గిన్నె కదిలించి చూసేదానివి. తెల్లారేసరికి నీళ్లు నీళ్లు, ఆమె తిట్లు. నీ రుబీడియం మబ్బుదీ, అంటే ల్యాబుల చల్లబరిచి పట్టి ఉంచిన పరమాణువుల గుంపుదీ, అదే కథ. 780 నానోమీటర్ల లేజరును సరిగ్గా రెజొనెన్స్ మీద (పరమాణువు అన్నిటికంటె ఎక్కువ మింగే రంగు మీద) పెట్టి, మబ్బు నీడను కెమెరాల పడేటట్టు నీడ ఫొటో తీస్తే ఒక్కో పరమాణువు పదుల ఫోటాన్లు (కాంతి కణాలు), ఒక్కోసారి వందలు, మింగి కక్కుతది. ఒక్క ఫోటాన్ తన్నితేనే దాదాపు 0.36 మైక్రోకెల్విన్ వేడి. నీ మబ్బేమో 0.1 మైక్రోకెల్విన్ దగ్గర ఉంటది. ఫొటో వస్తది, మబ్బు పోతది.

అట్లని నీడ ఫొటోను చిన్నచూపు చూడకు. మొదటి నెల అదే తియ్యి. ఎన్ని పరమాణువులున్నయో చెప్పే తూకంరాయి అదే.

మే నెలల కాజీపేట ప్లాట్‌ఫారం మీద నిలబడి పట్టాల దిక్కు చూసినవా? వేడిగాలి కనపడదు గాని దాని వెనకున్న సిగ్నల్ స్తంభం వణుకుతది. గాలి వెలుతురును మింగలే, దాని నడక మార్చింది. నువ్వు చెయ్యాల్సింది కూడా గదే. లేజరు ఫ్రీక్వెన్సీని రెజొనెన్స్‌కు దూరం జరిపితే (ఈ దూరాన్నే డీట్యూనింగ్ అంటరు) మింగుడు ఆ దూరం వర్గానికి తగ్గుతది, ఫేజ్ మార్పు, అంటే కాంతి తరంగం ముందుకో వెనక్కో జరుగుడు, ఉత్త దూరానికే తగ్గుతది. రెజొనెన్స్ మీద ఆప్టికల్ డెన్సిటీ (కాంతిని ఎంత ఆపుతదో చెప్పే చిక్కదనం కొలత) 200 ఉన్న మబ్బు తీసుకో, 1 గిగాహెర్ట్జ్ జరుపు. ఫేజ్ 0.3 రేడియన్ మారుతది, వెయ్యి ఫోటాన్లల రెండుకు మించి పోవు. కాగితం మీద నువ్వే వేసి చూసుకో.

కెమెరాకు ఫేజ్ కనపడదు. అందుకే 1953ల నోబెల్ తెచ్చిపెట్టిన ఫేజ్ కాంట్రాస్ట్ అనే జెర్నికె ఉపాయం: మబ్బుల చెదరకుండ నేరుగ వచ్చిన కాంతి ఫోకస్ అయ్యే చోట గాజుపలక మీద చిన్న చుక్క పెట్టి, ఆ కాంతిని పావు తరంగం జరుపుడు. 1996ల ఎంఐటీల కెటర్లె బృందం ముందు ఆ చెదరని కాంతిని అడ్డుకొని మబ్బును చూసింది. మరుసటేడు ఫేజ్ కాంట్రాస్ట్‌తోని ఒకే మబ్బును వెంటవెంట ఫొటోలు తీసి, అందుల శబ్దం నడుస్తుంటే చూపించింది. ఆ చుక్కను కుదుర్చుడే మహా సతాయింపు. కుదిరిందా లేదా తెలవాలంటే డీట్యూనింగ్ గుర్తు మార్చు, అంటే లేజరును రెజొనెన్స్‌కు అవతలి దిక్కు జరుపు: ఎరుపు దిక్కు (తక్కువ ఫ్రీక్వెన్సీ) తెల్లగ కనపడ్డ మబ్బు నీలం దిక్కు నల్లగ కావాలె, లేకుంటే నల్లది తెల్లగ. తిరగబడకుంటే నువ్వు చూస్తున్నది ఫేజ్ కాదు. మబ్బు చుట్టు రింగులు కనపడితే సంబురపడకు, ముందు ఫోకస్ చూసుకో.

పలచటి మబ్బుకు ఈ విద్య మీద ఆశ పెట్టుకోకు. దూరం జరిపినకొద్దీ అంతే సిగ్నల్ కోసం లేజరు ఎక్కువ పొయ్యాలె, ఆఖరుకు తగిలే దెబ్బ అంతే. ఆదుకునేది మబ్బు చిక్కదనమే. చానామంది ఇది మర్చిపోయి డీట్యూనింగ్‌నే మొక్కుతరు.

నేను ఒకసారి ఒకే మబ్బును ఇరవై ఫొటోలు తీసి, గ్రూప్ మీటింగ్‌ల గర్వంగ పెట్టిన. వెనక వరుసల సీనియర్ ఒకాయన, “లైటు వెయ్యకుండ అంతసేపు ఉంచితే ఎన్ని మిగులుతయి?” అన్నడు. నేను ఆ జత కొలవనే లేదు. ఆ రాత్రి కొలిస్తే, సగం పరమాణువులు లైటు వేసినందుకే పోతున్నయి. ఈ విద్యను ‘చెడగొట్టని’ ఇమేజింగ్ అనేది పేరుకే బిడ్డా, తక్కువ చెడగొట్టేది అనుకో. ఎంత తక్కువో రోజూ కొలువు: అదే ట్రాప్ (మబ్బును పట్టి ఉంచే ఉచ్చు), అంతే సేపు, ఒకసారి లైటు వేసి, ఒకసారి వెయ్యకుండ. రెండిటికీ చివర నీడ ఫొటో.

బతుకమ్మకు వస్తవు కద, ఆ రెండు వరుసల పట్టిక పట్టుకురా. రంగు ఫొటోలు తర్వాత చూద్దాం.

మీ పెద్దబాపు